పోగులు అందించిన చేతులు

డేరాలో కాపురం చేసిన ఆడదానికే తలుపు విలువ తెలుస్తుంది. దేవరకొండ క్యాంపులో నా పెళ్లి డేరాలోనే అయింది, మొదటి బిడ్డ పురిట్లో పోయిందీ డేరాలోనే. నేను దగ్గితే పక్క డేరావాళ్లు మిరియాలు నమలమని సలహా ఇచ్చేవాళ్లు. మొగుడూ పెళ్లాం గట్టిగా పోట్లాడుకోవాలంటే గుట్ట అవతలికి నడవాలి, అక్కడికి పోయేసరికి కోపం కాస్తా చల్లారిపోయేది. నాకు మళ్లీ నెల తప్పినప్పుడు ఒక్కటే అనుకున్నాను. ఈ బిడ్డ తలుపున్న ఇంట్లో పుట్టాలి.

సరిగ్గా అప్పుడే, హద్దు ఊరికి ముందే తిరిగిపోయిన మా మేనమామ సిద్దిరాములు కబురు పంపాడు. తన పాత ఇల్లు నాకిస్తానని.

హద్దు ఊరంటే ఏమిటో చెప్పాలి. రాష్ట్రం వచ్చిన మరుసటేడు, బతుకమ్మ ముందర, పట్నం మీద అణుబాంబు పడింది. ఎవరు వేశారో రేడియోలో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు, తర్వాత రేడియోనే మూగబోయింది. భువనగిరి దాకా మాడిపోయింది. రామన్నపేట వైపు ఊళ్లు కాలలేదు గానీ, ఉన్నవాళ్లు ఉన్నట్టు లేచి దక్షిణానికి పరుగెత్తి క్యాంపుల్లో పడ్డారు. ఇన్నేళ్లకు రామన్నపేట దాకా బతకొచ్చని సర్కారు తేల్చి, హద్దురాళ్లు అక్కడికి జరిపింది. ఆ రాళ్ల దగ్గర నిలబడి ఉత్తరానికి చూస్తే భువనగిరి గుట్ట కనబడుతుంది. గుట్ట ఎప్పటిలాగే ఉంది. కింద ఊరే లేదు.

అక్కడ ఇల్లు ఊరికే ఇవ్వరు. ఇంటి పనిని నడిపించినవాళ్లదే ఇల్లని ఊరి కమిటీ పెట్టిన కట్టుబాటు. కుమ్మరి ఇంట్లో సారె తిరగాలి, నేతోళ్ల ఇంట్లో మగ్గం ఆడాలి. కమిటీవాళ్లు సంతనాడు వచ్చి చూస్తారు, మగ్గం మీద బట్ట లేకపోతే తాళంచెవి ఇంకొకరికి పోతుంది. పాత యజమాని తిరిగొస్తే మాత్రం ఇల్లు వాళ్లదే.

మా మామ గురించి కూడా చెప్పాలి, చెప్పబుద్ధి కాకపోయినా. మా అమ్మా నాయినా ఆ రోజు పట్నంలో ఉన్నారు. పక్కింటివాళ్లతో క్యాంపుకు చేరిన నన్ను వెతికి పట్టుకుని పెంచింది ఆయనే. క్యాంపులో తన వంతు జొన్న గటక నా గిన్నెలో వేసి, తనకు ఆకలి లేదనేవాడు. మా అత్త శారదమ్మ కూడా ఆ రోజు పట్నానికే పోయిందని చెప్పి ఏడ్చేవాడు. నేను పక్కన కూర్చుని ఆయన కళ్లు తుడిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేతిని నరుక్కోవాలనిపిస్తుంది.

నేనూ మా ఆయన దినేశూ రేషను లారీలో వచ్చి దిగేసరికి మామ దారిలోనే నిలబడి ఉన్నాడు. నా కడుపు చూసి ముఖం వెలిగించుకున్నాడు. "పైలం బిడ్డా, పైలం" అని జాగ్రత్తలు చెబుతూ మూట తనే ఎత్తుకున్నాడు. ఇల్లు బాగుంది. మట్టి గోడలు, పైన పెంకులు, ఒక మూల గాలికి లేచిపోయాయని కమిటీ కప్పించిన కొత్తవి, ముందర ఒక్కటే తలుపు. టేకు తలుపు! నేను దాన్ని మూసి, తెరిచి, మళ్లీ మూసి చూస్తుంటే దినేశ్ నవ్వాడు.

"పెండ్లినాడు నన్ను గూడ గిట్ల చూడలేదు గదనే" అన్నాడు.

"నువ్వు టేకు గాదు గద" అన్నాను.

లోపల గుంత మగ్గం ఉంది. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలో పెట్టి తొక్కుతారు. గుంతలోంచి పులిసిన గంజి వాసన వచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరూ గంజి కాయని ఇంట్లో ఆ వాసన ఏమిటని ఒక్క క్షణం అనుకున్నాను. అంతలోనే నా కళ్లు మగ్గం మీదికి పోయాయి. పాత పడుగు అలాగే ఉంది. నేసిన బట్ట కోసుకుపోయారు గానీ నిలువు పోగుల చివర్లు అచ్చులోనే మిగిలి ఉన్నాయి.

"పాత పడుగు తెంపకు బిడ్డా. అండ్లకే అతుకు. కమిటీవాళ్లు వచ్చేటాలకు మగ్గం ఆడుతది" అన్నాడు మామ గుమ్మం బయటి నుంచి.

"లోపలికి రావా మామా?"

"శారద లేని ఇంట్ల అడుగు పెడితే నాకు పానం ఆగదు. మీరుండుండ్రి. నేను బడి కాడ పండుకుంట."

పాపం మనిషి, అనుకున్నాను.

ఆయన చెప్పిన దాంట్లో నాకు వింతేమీ కనబడలేదు. ఏ నేతగాడూ పాత పడుగు పూర్తిగా తీసేయడు. అచ్చు అంటే దారాలతో కట్టిన తెర. ప్రతి పోగూ దానిలోంచి దూరాలి. అన్నీ మళ్లీ దూర్చాలంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే పాత పోగు చివరకు కొత్త పోగు అతికి, మెల్లగా ముందుకు లాగుతారు. పని ఇద్దరిది. గుంతవైపు ఒకరు కూర్చుని అచ్చులోంచి పాత పోగు ఒక్కొక్కటే అందిస్తారు, ఇటువైపు ఒకరు దానికి కొత్త పోగు కలిపి మెలిపెడతారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. మధ్యలో అచ్చు వేలాడుతుంది కనుక ఒకరి ముఖం ఒకరికి కనబడదు, పోగు పట్టుకున్న వేళ్లు మాత్రమే కనబడతాయి. మా వాళ్లలో సగం కొట్లాటలు, సగం రాజీలు ఆ తెరకు అటూ ఇటూ కూర్చుని తేల్చుకున్నవే.

మరునాడు పొద్దున ఎదురింటి పుల్లమ్మ వచ్చి గడప అవతల నిలబడింది. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఇన్నాళ్లూ ఒకరి చేలల్లో కూలికి పోయింది. ఇల్లూ పొలమూ దక్కింది ఇప్పుడే. "ఊరు మాడినంక మాకు భూమొచ్చింది, ఈ సంబురం ఎవలకు చెప్పుకోవాలె" అని తనే నవ్వేది.

"పొద్దు పొడవకముందే మొదలు వెట్టిండ్రా బిడ్డా? మగ్గం సప్పుడు బాగనే వినొస్తుండె" అంది.

"ఇంకా పడుగే అతకలేదు. ఏం నేస్తం? ఎలుకలు గావచ్చు" అన్నాను.

"ఎలుకలు గంత ఒద్దికగ నేస్తయా?" అని ఆమె వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పుల్లమ్మ పెట్టిన తిండి తిన్నాక పనికి కూర్చున్నాం. దినేశ్‌కు బాట బాగుచేసే గుంపులో పని దొరికింది, ఆ రోజు నా కోసం ఆగాడు. పోగు అందించమంటే మా ఆయనను పెళ్లికి పిలిచినట్టు బతిమాలాలి. ఒకటి ఇచ్చి ఆవలిస్తాడు, ఇంకొకటి ఇచ్చి వీపు గోక్కుంటాడు. మగ్గం పక్కన కొబ్బరిచిప్పలో పాత బూడిద కనబడితే అదే అద్దుకుంటూ నేను మెలిపెడుతున్నాను. కాసేపటికి ఆయన "జర నీళ్లు తెస్త" అని బిందె తీసుకుని బయటికి పోయాడు. నాకు తెలుసు, నీళ్లకు కాదు, బీడీకి.

అప్పుడు పళ్లెం మోగింది.

హద్దు ఊళ్లో ఎవరైనా పళ్లెం కొట్టారంటే బూడిద గాలి వస్తోందని అర్థం. ఉత్తరం నుంచి, మాడిన దిక్కు నుంచి వస్తుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ తలుపులు మూసుకోవాలి. గాలి ఆగేదాకా బయటికి రావద్దు, పీల్చవద్దు. నేను లేచి కిటికీ మూశాను. చూస్తుండగానే వెలుతురు పచ్చబడింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత లేకుండా పోయింది. మిట్టమధ్యాహ్నం చేయి చాపితే చేయి కనబడని చీకటి. పెంకుల మీద బూడిద సన్నగా జల్లెడ పట్టినట్టు రాలుతోంది. నేను ఎక్కాబుడ్డి వెలిగించి పోగుల దగ్గర పెట్టుకున్నాను.

దడాలున తలుపు మూసుకుంది. గొళ్లెం చప్పుడైంది. అటువైపు, గుంత గట్టు మీద ఎవరో కూర్చున్నట్టు చెక్క కిర్రుమంది.

"వచ్చినవా? బీడీ అయ్యిందా?" అన్నాను.

పోగు వచ్చింది.

"అలిగినవా? అలుగు. పోగు మాత్రం ఇయ్యి."

ఇంకో పోగు వచ్చింది. నేను అందుకుని మెలిపెట్టాను. అది పూర్తయ్యేలోపే ఇంకొకటి సిద్ధంగా ఉంది. ఆవలింత లేదు, గోక్కోవడం లేదు. ఒక్క పోగు తప్పడం లేదు, ఒక్కటి చిక్కుపడటం లేదు. ఇంత పనిమంతుణ్ణి ఇన్నాళ్లూ తిట్టుకున్నానే అని జాలి కూడా కలిగింది.

"గిట్ల చేస్తే పొద్దుగూకేవరకు అయిపోతది" అన్నాను.

బూడిద కోసం చిప్పలో వేళ్లు పెట్టాను. వెచ్చగా ఉంది. అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు. నేను పొయ్యి వెలిగించనే లేదు...

అప్పుడు వినబడింది. గాలి హోరులో, వీధికి అటు పక్క నుంచి.

"శ్రీలతా! నేను పుల్లమ్మ ఇంట్ల ఉన్న! గాలి ఆగినంక వస్త! తలుపు తియ్యకు!"

దినేశ్ గొంతు.

నా చేతిలో పోగు ఉంది. దాని రెండో కొస అటువైపు ఎవరో పట్టుకుని ఉన్నారు. నేను లాగలేదు. వాళ్లూ లాగలేదు.

దీపం వెలుగులో అచ్చు కింద వేళ్లు కనబడ్డాయి. ఆడవేళ్లో మగవేళ్లో చెప్పలేను. గోళ్ల దాకా బూడిద ఉంది. అవి పోగును నాకేసి కొంచెం జరిపాయి. అందుకో, అన్నట్టు.

"ఎవలు?" అన్నాను.

వేళ్లు మళ్లీ జరిపాయి.

పోగు వదిలేశాను. లేచాను. దీపం ఆరిపోయింది... నా చీరకొంగు తగిలిందో, ఇంకేమైనా తగిలిందో. గోడ తడుముకుంటూ తలుపు దగ్గరికి పోయాను. వెనక చెక్క మళ్లీ కిర్రుమంది. లేచిన చప్పుడు కాదు. తీరిగ్గా సర్దుకుని కూర్చున్న చప్పుడు. తలుపు లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. గొళ్లెం బయట పెట్టి ఉంది.

అరవబోయాను. అంతలో తలుపు సందు దగ్గర ఎవరో ఊపిరి తీసుకున్నారు. బయటి నుంచి.

"శారదా..."

మా మామ.

నా గుండె ఒక్కసారి కుదుటపడింది. అయ్యో, మామ వచ్చాడు, తీస్తాడు అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

"శారదా, ఇంటున్నవా? నాడు బండ్ల ఒక్కరికే జాగా ఉండె. మళ్లొస్తనని, నా ఎంబడి ఉరుకకుండ నిన్ను లోపట వెట్టి గొళ్లెం వేసి పోయిన. రాలేదు. తప్పే. నేను మళ్లొచ్చిన కాడికెల్లి నువ్వు పోగులు వట్టుకోని పిలుస్తనే ఉన్నవు. ఇగ పిలువకు." ఆయన దగ్గాడు. బూడిదలో నిలబడి దగ్గుతూనే బతిమాలుతున్నాడు. "నా బదులు చెల్లె బిడ్డను తెచ్చిన. ఒక్కతే గాదు శారదా. కడుపుతోని ఉన్నది. పిల్లలు లేరని ఏడుస్తుంటివి గద..."

నేను తలుపుకు చెంప ఆనించి విన్నాను. వెనక ఉన్నదాని భయం ఎటు పోయిందో తెలియదు. నా గిన్నెలో పడిన గటక గుర్తొచ్చింది. పైలం బిడ్డా, పైలం అన్నాడే. అది నా మీద ప్రేమతో కాదు. నన్ను బలికి తోలే మేకలాగా నడిపించుకొచ్చాడు, కాలు విరగకుండా.

"చెప్పు శారదా. సరిపోయిందా?"

చీకట్లో, మగ్గం దగ్గర, చిన్న కదలిక కూడా లేదు. అది కూడా వింటున్నట్టుంది.

శారదమ్మ గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు లేదు. నేను ఎవరి గొంతుతోనూ మాట్లాడాలనుకోలేదు. కోపంతో నా గొంతే అలా అయిపోయింది.

"సరిపోలె" అన్నాను గుసగుసగా. "నువ్వే రా."

బయట మామ ఏడ్చాడు. తర్వాత గొళ్లెం తీసిన చప్పుడు.

తలుపు లోపలికి తెరుచుకుంది. నేను దాని వెనక గోడకు అతుక్కుపోయాను. బూడిద రంగు వెలుతురులో, ముఖానికి తువ్వాల చుట్టుకుని మామ లోపలికి వచ్చాడు. నా పక్క నుంచే నడిచాడు. నేనున్నానా, చచ్చానా అని అటూ ఇటూ చూడను కూడా లేదు. అది నేను ఎప్పటికీ మరిచిపోను. దెయ్యాన్ని మరిచిపోతానేమో గానీ, అది మరిచిపోను.

ఆయన పోయి నేను లేచిన చోట కూర్చున్నాడు. చేయి చాపాడు.

"ఇయ్యి" అన్నాడు.

అచ్చులోంచి పోగు వచ్చింది... ఒక్కటి కాదు. అన్నీ ఒక్కసారే వచ్చాయి.

నేను బయటికి పరుగెత్తాను. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు మూసుకుని, పుల్లమ్మ గోడ తగిలేదాకా పరుగెత్తాను. వెనక మామ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. వెనక నుంచి వచ్చింది మగ్గం చప్పుడు. ఒద్దికగా, ఆగకుండా.

గాలి ఆగాక దినేశూ, ఇంకా నలుగురు మగవాళ్లూ పోయి చూశారు. తలుపుకు బయట గొళ్లెం పెట్టి ఉంది. నేను పెట్టలేదు. పెట్టి ఉంటే చెప్పేదాన్ని, నాకు సిగ్గేమిటి? తీసి చూస్తే లోపల ఎవరూ లేరు. ఇంకో దారి లేదు. కిటికీకి ఊచలున్నాయి, పైన ఒక్క పెంకు కూడా కదల్లేదు. గుంతలో దీపం పెట్టి వెతికారు, మట్టి తప్ప ఏమీ లేదు. పడుగు మాత్రం చివరి పోగు దాకా అతికి ఉంది. దాని మీద జానెడు బట్ట నేసి ఉంది.

మామ బూడిద గాలిలో దారి తప్పి మాడిన దిక్కుకు పోయాడని ఊరు తేల్చింది. నేను చెప్పింది విని, వట్టి మనిషి కాదు గదా, భయపడిందిలే అన్నారు. పుల్లమ్మ ఒక్కతే నమ్మి, తన వసారాలో నాకు చాప పరిచింది. సంతనాడు కమిటీవాళ్లు వచ్చారు. బట్టను వేళ్లతో నలిపి చూసి, మంచి నేత అని మెచ్చుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టారు. నా ఇల్లు. టేకు తలుపు. నేను గడప దాటలేదు. దినేశ్ రోజూ బతిమాలుతాడు, వసారాలో కాన్పు ఎట్లా అంటాడు.

నాకు నెలలు నిండుతుండగా రేషను లారీ నుంచి ఒక ముసలామె దిగింది. నేరుగా నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"మా ఆడబిడ్డ పోలికే" అంది. "నేను మీ శారదత్తను."

ఆమె చేయి పట్టి చూశాను. వెచ్చగా ఉంది, వేళ్లకు గాయాల మచ్చలున్నాయి, మనిషే. ఇన్నేళ్లూ అచ్చంపేట క్యాంపులో వంట చేసుకుంటూ బతికిందట. తన ఇంట్లో మగ్గం ఆడుతోందని, దాని యజమాని సిద్దిరాములేనని ఎవరో చెబితే, ఎందుకు అలా చేశావని ఒక్క మాట అడిగి పోదామని వచ్చిందట. ఆ మాట అడగడానికి ఆయన లేడని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. ఎదురుగా ఉన్న తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

"మరి నువ్వు ఎట్ల బయటపడ్డవత్తా?"

"గోడెక్కి పెంకులు పీకిన. చేతులన్ని చీరుకపొయినయి. ఆయన బండి ఊరు దాటకముందే బయటవడ్డ."

అంటే లోపల చచ్చినవాళ్లెవరూ లేరు. మామ నన్ను అమ్ముకున్నది ఎవరికో ఆయనకే తెలియదు. తాళంచెవి తీసి ఆమె ఒడిలో పెట్టాను, కట్టుబాటు ప్రకారం ఇల్లు నీదేనన్నాను. ఆమె దాన్ని నిప్పు తగిలినట్టు కింద పడేసింది.

"పాపం, ఎంత భయపడ్డవో అత్తా" అన్నాను. "ఆ చీకట్ల ఒక్కదానివి."

శారదత్త నా వైపు తిరిగింది.

"ఒక్కదాన్ని యాడున్న బిడ్డా?" అంది మెల్లగా. "గొళ్లెం పడ్డంక నేను గుంతలకు దిగిన. దిగితే... జరంత జరిగి నాకు జాగా ఇచ్చిండ్రు."